మీ ఇంటి వెలుతురు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎల్‌ఈడీ బల్బుల గురించే. ఇరవై రెండేళ్లు దీపాల పరీక్షశాలలో పనిచేశాను. వేల బల్బులు నా చేతుల మీదుగా వెళ్లాయి. అందుకే ఈ ఉత్తరాలు ఒక్కొక్కటీ రెండేసి సార్లు చదివాను. ఒకే సమస్య చాలామంది రాసినచోట అన్నీ కలిపి ఒకే ప్రశ్నగా ఇచ్చాను.

ప్రశ్న: మేడమ్ గారూ, హాల్లో పాత 60 వాట్ల గుండు బల్బు మాడిపోయింది. దానికి సమానమని చెప్పి 7 వాట్ల ఎల్‌ఈడీ ఇచ్చారు. వేస్తే గది గుడ్డిగా ఉంది. 9 వాట్లది తెచ్చినా పెద్ద తేడా కనిపించలేదు. ఇంతకీ ఎన్ని వాట్లది కొనాలి?

జవాబు: వాట్ల సంగతి కాసేపు పక్కన పెట్టండి. వాట్లంటే బల్బు తినే కరెంటు. అది ఇచ్చే వెలుతురుకు కొలత ల్యూమెన్. గుండు బల్బుల కాలంలో అన్నీ దాదాపు ఒకే తీరుగా వెలిగేవి కాబట్టి ‘అరవై బల్బు’, ‘వంద బల్బు’ అంటే ఎంత వెలుతురో అందరికీ తెలిసిపోయేది. ఇప్పుడు ఆ లెక్క పనిచేయదు. ఒక కంపెనీ 9 వాట్ల బల్బు 720 ల్యూమెన్లు ఇస్తే, ఇంకో కంపెనీది అదే 9 వాట్లకు 950 పైన ఇవ్వవచ్చు.

మీ పాత 60 వాట్ల బల్బు సుమారు 700 నుంచి 800 ల్యూమెన్లు ఇచ్చేది. 40 వాట్లది 400 పైచిలుకు, 100 వాట్లది 1300 నుంచి 1600. ప్యాకెట్ మీద ఈ అంకె వెతకండి. ల్యూమెన్లు రాయని ప్యాకెట్‌ను నేనైతే కొనను.

ఈ అంకె ఎలా పుడుతుందో చెబితే మీకు దాని మీద నమ్మకం కుదురుతుంది. మా పరీక్షశాలలో మనిషి లోపల నిలబడగలిగేంత పెద్ద బోలు గోళం ఉండేది. లోపలంతా బేరియం సల్ఫేట్ తెల్లపూత. బల్బును నడిమధ్య బిగించి తలుపు మూసేస్తే, అది ఏ పక్కకు వెదజల్లిన వెలుతురైనా గోడలకు తగిలి, మళ్లీ తగిలి, లోపలంతా సమానంగా పరుచుకుంటుంది. గోడలో చిన్న కంత దగ్గర ఉన్న సెన్సార్ దాన్ని కొలుస్తుంది. స్విచ్ వేయగానే కనిపించే అంకెను మేం ఎప్పుడూ రాసుకునేవాళ్లం కాదు. బల్బు వేడెక్కేకొద్దీ అంకె మెల్లగా కిందికి జారుతుంది. అది ఒకచోట నిలబడేదాకా ఆగి, అప్పుడు రాసేవాళ్లం. మంచి బల్బు కొద్దిగా జారి ఆగిపోయేది. నాసిరకం బల్బు జారుతూనే ఉండేది. మీరూ ఇంట్లో గమనించవచ్చు: వేసిన క్షణంలో ధగధగ మెరిసి, అరగంటకు నీరసించే బల్బు వేడిని తట్టుకోలేకపోతోందని అర్థం.

మీ విషయంలో ఇంకో కారణం కూడా ఉందనిపిస్తోంది. గుండు బల్బు నాలుగు దిక్కులా వెలిగేది. మామూలు ఎల్‌ఈడీ బల్బుకు కింద సగం డొప్పే, వెలుతురంతా ముందువైపుకే పోతుంది. మీ హాల్లో బల్బు కిందికి వేలాడుతుంటే నేల మీద వెలుతురు సరిపడా ఉన్నా, సీలింగ్, గోడల పైభాగం చీకటిగా మిగులుతాయి. గోడలు చీకటిగా ఉంటే గది మొత్తం గుడ్డిగా ఉన్నట్టు కంటికి తోస్తుంది. గాజు బుడ్డిలో సన్నని పసుపు కడ్డీలు కనిపించే ఫిలమెంట్ రకం ఎల్‌ఈడీలు అన్నివైపులా వెలుగుతాయి. అలాంటిది 800 ల్యూమెన్లది వేసి చూడండి.

గది మొత్తానికి ఎంత కావాలంటే, లేత రంగు గోడలైతే చదరపు మీటరుకు 200 ల్యూమెన్లు అని నేను లెక్క వేసుకుంటాను. 3 మీటర్లు, 4 మీటర్ల గదికి 2400. అంతా ఒకే బల్బులో తేవద్దు. 800 చొప్పున మూడు చోట్ల పెడితే నీడలు మెత్తబడతాయి, కళ్లకూ హాయి.

ప్రశ్న: ప్యాకెట్ మీద 25,000 గంటలని రాశారు. సీలింగ్‌కు ఉన్న గాజు డూమ్‌లో వేశాను. ఎనిమిది నెలలకే పోయింది, అంతకుముందు వేసిందీ అంతే. ఇదంతా మోసమేనా?

జవాబు: రోజుకు ఐదు గంటల చొప్పున వెలిగిస్తే 25,000 గంటలంటే పదమూడేళ్ల పైమాటే. ఎనిమిది నెలలకే పోతే మీకు కోపం రావడం న్యాయం. కానీ నా అనుమానమంతా ఆ డూమ్ మీదే.

పోయిన బల్బులు విప్పి చూడటం మా పనిలో భాగం. (దయచేసి ఇంట్లో ఎవరూ ఈ పని చేయకండి. లోపల కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉంటుంది.) పైనున్న తెల్ల ప్లాస్టిక్ బుర్ర ఊడదీస్తే గుండ్రటి అల్యూమినియం పలక, దాని మీద బియ్యపు గింజంత పసుపు చిప్‌లు డజనో, ఇంకొన్నో ఉంటాయి. చాలాసార్లు ఒక చిప్ నడుమ సూదిమొనంత నల్లచుక్క కనిపించేది. మాడింది ఆ ఒక్కటే. కానీ చిప్‌లన్నీ దండలో పువ్వుల్లా ఒకే దారానికి గుచ్చి ఉంటాయి కాబట్టి ఒక్కటి తెగితే మొత్తం ఆరిపోతుంది. ఇంకొన్నిటిలో చిప్‌లన్నీ బాగానే ఉండేవి. మెడలో ఉన్న చిన్న సర్క్యూట్‌ను, అంటే డ్రైవర్‌ను బయటికి లాగితే, దాని మీద పెన్ను క్యాప్ అంత కెపాసిటర్ తల ఉబ్బి కనిపించేది.

రెండిటికీ కారణం వేడి. ‘ఎల్‌ఈడీ వేడెక్కదు’ అన్న మాట సగమే నిజం. గుండు బల్బు తన వేడిని కిరణాలుగా గదిలోకి చిమ్మేసేది. ఎల్‌ఈడీలో పుట్టే వేడి వెనక్కి, మెడలోకి దిగుతుంది. అక్కడే డ్రైవర్ ఉంటుంది. కెపాసిటర్ల విషయంలో ఇంజనీర్లు వాడే ఒక మోటు లెక్క ఉంది: పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగం. గాలి ఆడని డూమ్‌లో ఆ మెడ ఇరవై, ముప్పై డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకోండి, సగంలో సగం, అందులో మళ్లీ సగం.

మీరు చేయగలిగినవి చెబుతాను. మూసి ఉన్న ఫిట్టింగుల్లో వాడవచ్చని ప్యాకెట్ మీద స్పష్టంగా రాసిన బల్బే ఆ డూమ్‌లో వేయండి. తక్కువ వాట్లది అయితే ఇంకా మంచిది, 12 వాట్లది ఒకటి వేసే బదులు రెండు హోల్డర్లు ఉంటే 5 వాట్లవి రెండు వేయండి. డూమ్‌కు, సీలింగ్‌కు మధ్య కాస్త సందు ఉండేలా బిగించగలిగితే గాలి ఆడుతుంది. కొనేటప్పుడు బల్బును చేత్తో తూచి చూడటం నా అలవాటు. మరీ దూదిలా తేలిపోతే లోపల వేడిని లాగే లోహం తక్కువని అర్థం.

ఆ 25,000 గంటల సంగతి కూడా తెలుసుకోవాలి. సాధారణంగా అది బల్బు మాడిపోయే గడువు కాదు, వెలుతురు మొదట్లో ఉన్నదానిలో 70 శాతానికి తగ్గే గడువు. అదీ చిప్‌ల పరీక్షల నుంచి లెక్కకట్టింది. డ్రైవర్ ముందే చస్తే ఆ అంకెకు అర్థం లేదు. అందుకే గంటల కంటే వారంటీ ఎన్నేళ్లో చూడండి. రసీదు ప్యాకెట్‌లోనే పెట్టి దాచండి, బల్బు మెడ మీద వేసిన తేదీ మార్కర్‌తో రాయండి.

ప్రశ్న: డిమ్మర్ ఉన్న స్విచ్‌కు ఏ ఎల్‌ఈడీ అయినా వేయవచ్చా?

జవాబు: వేయకూడదు. ‘డిమ్మబుల్’ అని రాసి ఉన్నదే వేయండి. అదైనా పాత డిమ్మర్‌తో గుయ్‌మని మోగితే, తగ్గించినప్పుడు మినుకుమినుకుమంటే, డిమ్మర్‌ను కూడా ఎల్‌ఈడీలకు తగినదానితో మార్పించాల్సి ఉంటుంది.

ప్రశ్న: నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. తెల్లటి ఎల్‌ఈడీ పెట్టుకున్నాక వెలుతురు బోలెడంత ఉంది. అయినా రాత్రి నల్లదారం అనుకుని కుట్టింది పొద్దున చూస్తే ముదురు నీలం. మెరూన్ గుడ్డ గోధుమరంగులా కనిపిస్తోంది. నా కళ్లు పాడయ్యాయేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, కళ్ల పరీక్ష ఎలాగూ చేయించుకోండి. కానీ మీరు రాసింది చదవగానే నాకు బల్బే గుర్తొచ్చింది.

తెల్ల ఎల్‌ఈడీలో పుట్టేది నిజానికి నీలం వెలుగు. దాని మీద పసుపు పొడి పూత వేస్తారు. నీలంలో కొంత ఆ పూతలో పసుపుగా మారుతుంది, మిగిలిన నీలం దాంతో కలిసి మన కంటికి తెలుపు అవుతుంది. బాగా వెలిగే ఆ నీలం చిప్‌ను సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. చౌక బల్బుల్లో చిక్కేమిటంటే, ఈ నీలం, పసుపుల మేళవింపులో ముదురు ఎరుపు చాలా తక్కువ. గుడ్డలో ఎరుపు ఉన్నా, దాని మీద పడే వెలుతురులో ఎరుపు లేకపోతే కంటికి తిరిగి వచ్చేదేమీ ఉండదు. మెరూన్ గోధుమరంగులోకి దిగిపోయేది అందుకే.

రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె ఒకటి ప్యాకెట్ మీద ఉంటుంది, సీఆర్ఐ అంటారు. పూర్తి మార్కులు 100. మామూలు బల్బులకు 80 ఉంటుంది. మీ పనికి 90కి తగ్గనిది కావాలి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఆ అంకెను ఎనిమిది లేత రంగుల సగటుతో కడతారు. ముదురు ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు, దాన్ని ఆర్9 అని విడిగా కొలుస్తారు. సీఆర్ఐ 80 తెచ్చుకున్న బల్బుకు ఆర్9 సున్నాకు దగ్గరగా ఉండటం మా బల్ల మీద ఎన్నోసార్లు చూశాను. ఆర్9 యాభైకి పైన అని రాసినది దొరికితే మీకు అదే తగినది.

నలుపు, నీలం తేడా మాత్రం వేరే కథ. అక్కడ కావాల్సింది వెలుతురు మోతాదు, దాంతోపాటు కొంత నీలం పాలు. పసుపు ఛాయ ఉన్న వార్మ్ లైట్‌లో ముదురు నీలం నల్లగా మునిగిపోతుంది. తెల్ల బల్బైనా సీలింగ్‌కు ఉంటే, మీరు మిషన్ మీదికి వంగగానే మీ తల నీడే సూది మీద పడుతుంది. 4000 నుంచి 5000 కెల్విన్ల (వెలుతురు రంగుకు కొలత) మధ్య బల్బును మెడ వంచే ల్యాంపులో పెట్టి, గుడ్డకు అరమీటరు దూరానికి దించండి.

కొన్నాక చిన్న పరీక్ష చేయండి. పగలు కిటికీ దగ్గర మీ అరచేయి చూసుకోండి, రాత్రి అదే అరచేయి బల్బు కింద పెట్టండి. వేళ్ల కొసల్లో గులాబీ ఛాయ అలాగే కనిపిస్తే మంచి బల్బు. పాలిపోయి, పచ్చగా, బూడిద పూసినట్టు ఉంటే తిరిగి ఇచ్చేయండి. ఇంకో మాట: ఒక వెలుతురులో సరిగ్గా కలిసిన దారం, గుడ్డ ఇంకో వెలుతురులో విడిపోవచ్చు, అది ఎంత మంచి బల్బుతోనైనా జరుగుతుంది. ముఖ్యమైన గుడ్డలకు దారం ఎంపిక పగటి వెలుతురులోనే చేసుకోండి.

ప్రశ్న: వార్మ్, కూల్, డేలైట్ అంటున్నారు. ఏ గదికి ఏది?

జవాబు: 2700, 3000 కెల్విన్లు పసుపు ఛాయ, 4000 నిఖార్సయిన తెలుపు, 6500 నీలం కలిసిన తెలుపు. అంకె పెరిగేకొద్దీ వెలుతురు చల్లబడుతుంది. పడకగదికి, సాయంత్రాలు కూర్చునే చోటుకు 2700, వంటగదికి, చదువుకునే బల్లకు, అద్దం దగ్గర 4000 అని నా అభిప్రాయం. 6500 ఇంటి నిండా వేయడం నాకు నచ్చదు. తెల్లగా ఉంటే ఎక్కువ వెలుతురని చాలామంది అనుకుంటారు, ల్యూమెన్లు సమానమైతే రెండూ సమానమే. ఒక గదిలో నాలుగు బల్బులుంటే నాలుగూ ఒకే కంపెనీవి, ఒకేసారి కొనండి. రెండు కంపెనీల ‘4000’ పక్కపక్కన పెడితే ఒకటి గులాబీగా, ఒకటి ఆకుపచ్చగా కొట్టవచ్చు.

ప్రశ్న: స్విచ్ ఆపేసినా బల్బు సన్నగా మిణుకుమంటోంది. ఇంట్లో పిల్లలు భయపడుతున్నారు.

జవాబు: భయపడాల్సిందేమీ లేదని వాళ్లకు చెప్పండి, కానీ ఎలక్ట్రీషియన్‌ను మాత్రం పిలవండి. స్విచ్‌లో రాత్రిపూట వెలిగే చిన్న ఎర్రలైటు ఉంటే, దాని గుండా ఆవగింజంత కరెంటు బల్బుకు చేరుతూ ఉంటుంది. గుండు బల్బును అది కదిలించలేదు. ఎల్‌ఈడీకి ఆ కాస్తా చాలు, కెపాసిటర్ నిండగానే ఒకసారి మిణుకుమంటుంది. ఆ లైటు లేని స్విచ్ వేయిస్తే సరిపోతుంది. స్విచ్‌కు అలాంటి లైటు లేకపోతే, స్విచ్‌ను ఫేజ్ తీగకు బదులు న్యూట్రల్‌కు కలిపారేమో చూపించాలి. అదే అయితే ఆలస్యం చేయకండి. స్విచ్ ఆపి ఉన్నా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది, బల్బు మార్చేటప్పుడు షాక్ కొట్టవచ్చు.

ప్రశ్న: నేను పరీక్షలకు చదువుకుంటున్నాను. కొత్త బల్బు కింద గంట కూర్చుంటే తలనొప్పి వస్తోంది. ఫోన్ కెమెరాలో చూస్తే నల్లచారలు కదులుతున్నాయి.

జవాబు: బాబూ, మంచి పని చేశావు, చూసి రాశావు. కరెంటు సెకనుకు 50 సార్లు ఊగే చోట దీపం 100 సార్లు, 60 సార్లు ఊగే చోట 120 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. మంచి డ్రైవర్ ఆ ఊగును చదును చేస్తుంది. డబ్బు మిగుల్చుకోవడానికి డ్రైవర్‌లో ఆ పని చేసే కెపాసిటర్‌ను చిన్నది వేసినా, తీసేసినా వెలుతురు పూర్తిగా ఆరి వెలుగుతుంది. కంటికి విడిగా కనిపించకపోయినా కొంతమందికి దానివల్ల తలనొప్పి, కళ్లలో అలసట వస్తాయి.

ఇంకో పరీక్ష చెయ్యి. మిగతా దీపాలు ఆపేసి, ఆ బల్బు కింద పెన్సిల్‌ను విసనకర్రలా వేగంగా ఊపు. పెన్సిల్ మసకగా ఒకే పొరలా కనిపిస్తే బల్బు మంచిదే. విడివిడిగా పది పెన్సిళ్లు కనిపిస్తే ఆ బల్బు చదువుకునే బల్ల మీద వద్దు, స్టోర్ రూమ్‌కు పంపించు. కొత్తది కొనేచోట వెలిగించి చూపమని అడిగి, అక్కడే కెమెరాతో పోల్చి చూసుకో. తలనొప్పి అప్పటికీ తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లు, అన్నిటికీ బల్బునే తప్పుపట్టకూడదు.

ప్రశ్న: ఎల్‌ఈడీలోని నీలికాంతి కళ్లు పోగొడుతుందంటున్నారు. నిజమేనా?

జవాబు: ఇంట్లో మామూలుగా వాడే బల్బుల వల్ల ఆ భయం అక్కర్లేదు. మబ్బు పట్టిన పగలు బయట నిలబడినా మీ హాల్లో రాత్రి ఉండే వెలుతురుకు ఎన్నో రెట్లు కంటికి తగులుతుంది. పొర లేని చిప్‌ను సూటిగా చూడటం, పసిపిల్లల కళ్లకు ఎదురుగా బల్బు పెట్టడం మాత్రం వద్దు. నిద్ర సంగతి వేరు. కంటి వెనుక పొరలో చూపుతో సంబంధం లేకుండా, పగలో రాత్రో శరీరానికి చెప్పే కణాలు ఉన్నాయని 2002లో తేలింది. అవి నీలి వెలుగుకు ఎక్కువగా స్పందిస్తాయి. పడుకునే ముందు గంట, రెండు గంటలు 2700 బల్బు, అదీ తక్కువ వెలుతురుతో సరిపెట్టుకోండి.

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. పేపర్ చదవలేకపోతున్నానని బాధపడుతోంది. కళ్లద్దాలు కొత్తవే. బల్బు 15 వాట్లకు మార్చినా లాభం లేదు. రాత్రి బాత్రూమ్‌కు వెళ్తూ ఒకసారి తూలి పడబోయింది కూడా.

జవాబు: ఈ ఉత్తరం చదివాక మా అమ్మే కళ్లముందు మెదిలింది. ఆవిడ పుస్తకం పట్టుకుని కిటికీ కిటికీకీ తిరుగుతుంటే, అలవాటు అనుకున్నాను. రోజంతా దీపాలు కొలిచి ఇంటికొచ్చే నేను, ఒక సాయంత్రం ఆవిడ కుర్చీలో కూర్చుని చూశాను. లైటు సరిగ్గా నా తల వెనక ఉంది. ఒళ్లో పుస్తకం మీద నా భుజం నీడ పడుతోంది. ఆ నీడలోనే ఆవిడ ఎన్నేళ్లు చదివిందో! మర్నాడే దీపం మార్చాను, కానీ ఆ ఏళ్లు తిరిగి రావు.

ఇరవై ఏళ్లవాళ్ల కంటి వెనుక పొరకు చేరే వెలుతురులో దాదాపు మూడో వంతే అరవై దాటినవాళ్లకు చేరుతుంది. కంటిపాప చిన్నదవుతుంది, కంటి కటకం పసుపెక్కి మసకబారుతుంది. మీకు సరిపోయే వెలుతురు అమ్మకు సరిపోదు. అయితే దానికి మందు సీలింగ్ బల్బును పెద్దది చేయడం కాదు. పెద్ద బల్బు కళ్లలో కొడుతుంది, మసకబారిన కటకం ఆ మెరుపును చెదరగొట్టి అక్షరాలను ఇంకా పాలిపోయేలా చేస్తుంది.

దూరం తగ్గించండి. దీపం దూరం సగమైతే పేజీ మీద వెలుతురు నాలుగింతలవుతుంది. 2 మీటర్ల ఎత్తు నుంచి అర మీటరుకు దింపితే సుమారు పదహారింతలు. కాబట్టి కుర్చీ పక్కన నిలబెట్టే ల్యాంపులో 800 ల్యూమెన్ల బల్బు చాలు, ఆ 15 వాట్లది అక్కర్లేదు. రంగు 3000, 4000 రెండూ తెచ్చి అమ్మనే ఎంచుకోమనండి, మీరు ఎంచకండి. బల్బు ఆవిడ కంటికి నేరుగా కనిపించకుండా షేడ్ అంచు కంటి ఎత్తుకు కాస్త దిగువగా ఉండాలి. గదిలో మిగతా లైటు పూర్తిగా ఆపేయవద్దు, పేజీ నుంచి తల ఎత్తగానే చీకటి ఎదురైతే కళ్లు సర్దుకోవడానికి పెద్దవాళ్లకు చాలాసేపు పడుతుంది.

రాత్రి దారికి వేరే దీపం కావాలి. మంచం నుంచి బాత్రూమ్ తలుపు దాకా నేలకు జానెడు ఎత్తున, మనిషి కదలికకు వెలిగే చిన్న పసుపు దీపాలు రెండు మూడు పెట్టండి. నేల కనిపిస్తే చాలు, గది వెలగనక్కర్లేదు. నిద్ర కళ్లకు పెద్ద లైటు ఒక్కసారిగా వేస్తే ఆ మెరుపుకే తూలిపోయే ప్రమాదం ఉంది. పెట్టాక ఒక రాత్రి అన్ని లైట్లూ ఆపి, అమ్మ మంచం మీద నుంచి లేచి మీరే ఆ దారిన నడవండి. గడప అంచు ఎక్కడ కనిపించకపోతే అక్కడ ఇంకో దీపం పెట్టండి.